నిజాం సంతకం పెట్టిన ఏడాది శాంతి

సారపాక నుంచి బ్రిడ్జి మీద భద్రాచలం పోవుడు ఇప్పుడు నిమిషాల పని. 1947 ఆగస్టు 15 నుంచి పదమూడు నెలలు గీ గోదావరే రెండు రాజ్యాల నడుమ సరిహద్దు. అవతల భద్రాచలం మద్రాసు రాష్ట్రంల, అంటే స్వతంత్ర భారతంల ఉండె. ఇవతల బూర్గంపాడు, పాల్వంచ, ఖమ్మం నిజాం ఏలుబడిల ఉండె.

ఆ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. 1886ల పుట్టిండు, 1911ల గద్దెనెక్కిండు. ఉస్మానియా యూనివర్సిటీ, ఉస్మానియా దవాఖాన, ఉస్మాన్‌సాగర్ ఆయన కాలంల కట్టినయే. లోకంలనే పెద్ద ధనవంతుడని పేరు. కానీ ఊర్లల్ల వెట్టి పోలే, దొరల జులుం తగ్గలే.

ఇంగ్లీషోళ్లు పోయినంక భారత్‌ల కలువనన్నడు. ఆఖరికి 1947 నవంబర్ 29న ఢిల్లీతోని యథాతథ ఒప్పందం చేసుకున్నడు. గడువు ఒక్క ఏడాది. రక్షణ, విదేశీ వ్యవహారాలు, రవాణా పాత లెక్కనే నడవాలె. ఆలోపు మాట్లాడుకొని తెగదెంపు చేసుకోవాలె.

నిజాం సర్కారు ఆ గడువును ఎట్ల వాడింది? పాకిస్తాన్‌కు 20 కోట్ల అప్పు ఇచ్చింది. భారత రూపాయి చెల్లదన్నది. సిడ్నీ కాటన్ విమానాలల్ల దొంగచాటుగ ఆయుధాలు తెప్పించింది. ఖాసిం రజ్వీ రజాకార్లు ఊర్లు దోచి తగలబెడుతుంటే ఆపలే. జనం మూటాముల్లె సదురుకొని సరిహద్దు దాటి యూనియన్ ఊర్లల్ల తలదాచుకున్నరు. ఇవతలి మంట అవతలి దేశానికి భద్రత సమస్య అయింది.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం దిగింది, 17న నిజాం లొంగిపోయిండు. ఆయనకేం కాలే. 1950 నుంచి 1956 దాకా రాజ్‌ప్రముఖ్‌గ ఉండి, 1967ల కన్నుమూసిండు. మన అడవిల మాత్రం తుపాకి మోత ఆగలే. భూమి కోసం కమ్యూనిస్టు దళాల పోరు 1951 అక్టోబర్ దాకా నడిచింది.

ఎందుకంటే ఆ ఒప్పందంల ఢిల్లీ ఉన్నది, దివాణం ఉన్నది. వెట్టి చేసేటోడు లేడు, పోడు కొట్టుకునే కోయోడు లేడు. వాళ్ల గోస తీరకుంట కాగితం మీది శాంతి ఎన్నడు నిలుస్తది?

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ! పక్క దేశంల శాంతి చర్చలని ఫోన్‌ల వార్త వస్తే, సంతకాల ఫొటో చూసి సంబురపడకుర్రి. సంతకాలకు, గడువుకు నడుమ తుపాకులు దించుతున్నరా, జమ చేస్తున్నరా? ఊర్లకెళ్లి పోయినోళ్లు మళ్ల ఇండ్లకు వస్తున్నరా? గీ రెండు చూడుర్రి. మన సరిహద్దు ఎంత పదిలమో అండ్లనే తెలుస్తది.