సయ్యద్ అబ్దుల్ రహీం

రహీం 1909 లో హైదరాబాదున జన్మించి ఉపాధ్యాయుడయ్యెను. 1943 నుండి మరణపర్యంతము హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా నుండెను. 1950 లో భారతజట్టుకు శిక్షకుడయ్యెను. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో ఆ జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 గోలులతో ఓడెను. ఆ చలిదేశమున మనవారిలో పెక్కురు వట్టికాళ్లతో ఆడిరి. పిమ్మట అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసెను. 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సులో రహీం శిష్యులు నాలుగవ స్థానమందిరి.

1962 లో జకార్తా ఆసియా క్రీడలలో వెనుకవరుస ఆటగాడు జర్నైల్ సింగుకు తలపై గాయమై కుట్లు పడెను. రహీం అతనిని ముందువరుసలో నిలిపెను. సాహసమే! ఫైనలులో అతడు గోలు చేసెను. దక్షిణ కొరియాపై 2–1 తో స్వర్ణపతకము మనకు దక్కెను. ఏడాదియైన నిండకమునుపే, 1963 జూన్ 11 న, రహీం క్యాన్సరు వ్యాధితో కన్నుమూసెను.