కరువు కూలికి లెక్క అడిగిన ఎడిటర్

ధాత కరువు. 1876లో వానలు మొహం చాటేశాయి. అప్పట్లో తిరువళ్లూరు చెంగల్పట్టు జిల్లాలో, తిరుత్తణి ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేవి. రెండు చోట్లా గంజినీళ్లకే దిక్కులేదు. రైలు మాత్రం ఉంది! మద్రాసు నుంచి ధాన్యం ఈ దారినే పోయేది. కొనడానికి చేతిలో కాసు ఉంటే కదా. పల్లె జనం నగరం బాట పట్టారు.

1877లో ఆ మద్రాసుకే 'మద్రాసు టైమ్స్' సంపాదకుడిగా వచ్చారు విలియం డిగ్బీ. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. పుట్టింది 1849లో, ఇంగ్లండ్‌లో. అంతకుముందు సిలోన్‌లో పత్రికా పని.

ఆ ఏడాది మొదట్లో వైస్రాయ్ లిట్టన్ దూతగా సర్ రిచర్డ్ టెంపుల్ దిగారు. 1873-74 బీహారు కరువులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించింది ఈయనే. ఖర్చెక్కువైందని అప్పుడు చీవాట్లు పడ్డాయి. దాంతో ఇక్కడ చెయ్యి బిగించారు. సహాయ పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకు పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన కాస్త చిల్లర. అంతే!

ఇది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ అడ్డం తిరిగారు. జైల్లో ఖైదీకి ఇంతకన్నా ఎక్కువే పెడుతున్నారని చూపించారు. వాదన అంకెల మీద సాగుతుంటే కలరా, మశూచి చిక్కిన ఒళ్లను పట్టుకుపోతున్నాయి. సర్కారు చర్యలు చాలవని డిగ్బీ తన పత్రికలో పదే పదే రాశారు. తెల్లవాడు, పైగా ఇంగ్లీషు పత్రిక. కొట్టిపారేయడం కష్టమే మరి. చివరికి కూలి కొంత పెంచక తప్పలేదు.

రాతతో ఆగలేదాయన. ఎక్కువగా ఆయన విన్నపాల వల్లే లండన్‌లో సహాయ నిధి తెరిచారు. 8,20,000 పౌండ్లు పోగయ్యాయి. ఇక్కడ పంపిణీ సంఘానికి కార్యదర్శి కూడా ఆయనే. సర్కారు 1878లో సీఐఈ బిరుదిచ్చింది. విచిత్రం ఏమిటంటే అదే ఏడాది దేశభాషా పత్రికల నోరు కట్టే చట్టం తెచ్చింది. ఇంగ్లీషు పత్రికలకు అది వర్తించలేదు.

బిరుదొచ్చిందని డిగ్బీ మెత్తబడలేదు. ఆ ఏడాదే కరువు కథంతా రెండు సంపుటాలుగా అచ్చేశారు. సర్కారు కాగితాలనే ముందుపెట్టి తప్పొప్పులు తేల్చారు. 1880లో కరువు కమిషన్ నివేదిక ఇచ్చింది, తర్వాత కరువు నిబంధనలు వచ్చాయి. ఇంగ్లండ్ వెళ్లాక కాంగ్రెస్ బ్రిటిష్ కమిటీకి కార్యదర్శిగా పనిచేశారు. 1901లో భారతదేశ పేదరికం మీద మరో లావుపాటి పుస్తకం వేశారు. 1904లో కన్నుమూశారు.

మద్రాసులో అడయారు, కూవం నదులను కలిపే బకింగ్‌హాం కాలువ భాగం ఆ కరువు కూలీలు తవ్విందే.