బడికెళ్లని చదువులతల్లి: భండారు అచ్చమాంబ గారు

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతంలో పుట్టి పెరిగిన మనకు పెనుగంచిప్రోలు కొత్త ఊరు కాదు. మునేటి ఒడ్డున వెలసిన తిరుపతమ్మ తల్లి గుడికి, తిరునాళ్లకు మన తండాల నుంచి, కాలనీల నుంచి వెళ్తూనే ఉంటాం. ఆ ఊరే తెలుగునేలకు ఒక గొప్ప చదువులతల్లిని ఇచ్చిందని మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆమే భండారు అచ్చమాంబ గారు. మన యువతీయువకుల కోసం తెస్తున్న ఈ సంచికలో ఆమెను స్మరించుకోవడం మా బాధ్యతగా భావిస్తున్నాం.

అచ్చమాంబ గారు 1874లో పుట్టారు. తల్లి గంగమ్మ, తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్య. తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి శ్రీకారం చుట్టిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు ఆమెకు స్వయానా తమ్ముడు. పిల్లలు చిన్నవాళ్లుగా ఉండగానే తండ్రి కన్నుమూశారు. ఆ తరువాత కుటుంబం నల్లగొండ వైపు దేవరకొండ చేరింది. తమ్ముడికి చదువు చెప్పించారు గానీ ఆమెను బడికి పంపలేదు. ఆ రోజుల్లో ఆడపిల్లకు చదువెందుకన్నది అన్ని ఇళ్లలో ఉన్న మాటే. 1901 జనాభా లెక్కల నాటికి దేశంలో చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు.

చిన్న వయసులోనే ఆమెకు భండారు మాధవరావు గారితో పెళ్లి చేశారు. ఆయన ఉద్యోగం నాగపూరు వైపు. గోండు రాజు భక్త్ బులంద్ షా నిలబెట్టిన నగరం అది. అచ్చమాంబ గారు తల్లినీ తమ్ముడినీ తన దగ్గరికే తెచ్చుకుని, తమ్ముడి చదువు ఆగకుండా చూశారు. తమ్ముడు నేర్చుకున్నది అక్కకు నేర్పాడు. తెలుగు, హిందీ అక్షరాలు అలా ఇంట్లోనే పట్టుబడ్డాయి. తరువాత మరాఠీ నేర్చుకున్నారు. బెంగాలీ, గుజరాతీ, సంస్కృతం కూడా చదివి అర్థం చేసుకునే స్థాయికి చేరారు. ఇంటి పని, సంసారం అన్నీ చూసుకుంటూనే ఇదంతా సాధించారు.

కష్టం ఆమెను వదల్లేదు. కన్నబిడ్డలిద్దరూ చిన్నతనంలోనే పోయారు. ఆ దుఃఖంతో ఆమె కుంగిపోయి కూర్చోలేదు. దిక్కులేని పిల్లలను ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టి, చదువు చెప్పించారు. కన్నవాళ్లు లేకపోయినా ఎందరికో తల్లయ్యారు.

ఆడవాళ్లకు తెలివి తక్కువ, వాళ్లు అబలలు, చదువు చెబితే చెడిపోతారు అనే మాటలు ఆ కాలంలో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా అనేవారు. దీనికి అచ్చమాంబ గారు కోపంతో కాకుండా రుజువులతో జవాబు చెప్పారు. అనేక భాషల పుస్తకాలు తిరగేసి, దేశంలో రాజ్యాలేలిన, యుద్ధాలు చేసిన, శాస్త్రాలు చదివిన, కవిత్వం చెప్పిన స్త్రీల జీవితాలను ఒక్కొక్కటిగా ఏరి కూర్చారు. అదే అబలా సచ్చరిత్ర రత్నమాల. మొదటి భాగం 1901లో కందుకూరి వీరేశలింగం గారి చొరవతో వెలువడింది. ఆడవాళ్లకు లేనిది తెలివి కాదు, అవకాశం అన్నది ఆ పుస్తకం సారాంశం.

1902లో ఆమె రాసిన ధనత్రయోదశి కథ హిందూసుందరి పత్రికలో వచ్చింది. పేదరికంలో తప్పుదారి పట్టబోయిన భర్తను భార్య సరైన దారిలో నిలబెట్టే కథ అది. 1910లో వచ్చిన గురజాడ వారి దిద్దుబాటు కంటే ఇది ముందుది. అదే 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి బృందావన స్త్రీ సమాజం స్థాపించారు. తెలుగు ఊళ్లు తిరిగి, ఆడవాళ్లు ఒకచోట కూడాలని, చదువుకోవాలని, పిల్లలకు చదువు చెప్పాలని బోధించారు. ఏ బడిలోనూ జీతానికి పాఠం చెప్పకపోయినా, ఎన్నో ఊళ్ల ఆడవాళ్లకు ఆమె గురువు.

1905 జనవరి 18న బిలాస్‌పూర్‌లో అచ్చమాంబ గారు కన్నుమూశారు. ప్లేగు వ్యాధి సోకినవారికి సేవ చేస్తూ తానూ దానికే బలయ్యారు. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు. తలపెట్టిన గ్రంథం పూర్తి కానేలేదు.

అచ్చమాంబ గారు మన తెగల్లో పుట్టిన మనిషి కాదు. మరి మన సంచికలో ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. ఆనాడు ఆడవాళ్లను అన్న మాటలే మన తండాలను, మన ఎరుకల, యానాది కాలనీలను ఎన్నో ఏళ్లుగా అంటూ వచ్చారు. వీళ్లకు చదువు రాదని తేల్చేశారు. 2011 లెక్కల్లో దేశంలోని గిరిజన మహిళల్లో అక్షరాస్యులు 49 శాతమే. ఇది తెలివికి సంబంధించిన లెక్క కాదు, అవకాశానికి సంబంధించిన లెక్క. హాస్టల్లోనో గురుకులంలోనో చదువుకునే ఆడపిల్లను మధ్యలో మాన్పించి పెళ్లి చేసిన ప్రతిసారీ ఆ లెక్క అక్కడే ఆగిపోతుంది.

అందుకే మన యువతను రెండు పనులు కోరుతున్నాం. ఒకటి, అక్కకు అక్షరాలు నేర్పిన ఆ తమ్ముడిలా, చదువుకుంటున్న ప్రతి ఒక్కరూ ఇంట్లో చదువు ఆగిపోయిన ఒకరికి రోజూ ఒక గంట కేటాయించండి. రెండు, కూలికి పోయి, కడుపు కట్టుకుని పిల్లల్ని బడికి పంపిన మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఎందరో ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్లు మన మధ్య ఉండగానే అడిగి, వాళ్ల జీవితాలు రాసి పెట్టండి. అచ్చమాంబ గారు మొదలుపెట్టిన మాలలో ఆ పేర్లను మనమే గుచ్చాలి. ఆమెకు మనం ఇవ్వగల నివాళి అదే.