దేశానికి నలుపు తెలుపు రంగులేసిన ఇంజినీర్

డేటా అనలిస్ట్ ఇంటర్వ్యూకి మ్యాప్ చేసి తీసుకెళ్లారనుకోండి. ‘ఏ జిల్లాకు ఏ రంగు వెయ్యాలో ఎలా తేల్చారు?’ అని అడిగితే, ‘సాఫ్ట్‌వేరే వేసింది’ అంటే సరిపోదు. ఈ ప్రశ్నకు బీజం వేసింది ఓ ఇంజినీరే. పేరు షార్ల్ డ్యూపాన్.

1784లో ఫ్రాన్స్‌లోని వార్జీ అనే చిన్న ఊళ్లో పుట్టారు. పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో గణితవేత్త మాంజ్ దగ్గర చదివారు. స్టూడెంట్‌గా ఉండగానే కనిపెట్టిన ఓ రకం వక్రతలాలు నేటికీ ఆయన పేరుతోనే ఉన్నాయి. నౌకాదళంలో ఇంజినీరుగా చేరారు. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక బ్రిటన్ వెళ్లి అక్కడి రేవులు, రోడ్లు చూసొచ్చారు. 1819 నుంచి పారిస్‌లో కార్మికులకు జామెట్రీ, మెకానిక్స్ చెప్పారు.

పనివాళ్లకు చదువుంటేనే దేశం ముందుకెళ్తుందన్నది ఆయన నమ్మకం. అంకెల పట్టికలు చూపిస్తే ఎవరు పట్టించుకుంటారు? అందుకే 1826లో, బడికెళ్లే ఒక్కో మగపిల్లాడికి ఎంతమంది జనాభా ఉన్నారో జిల్లాలవారీగా లెక్కగట్టారు. ఆ సంఖ్య పెరిగేకొద్దీ నలుపు ముదిరేలా మ్యాప్ వేశారు. ఉత్తర ఫ్రాన్స్ తెల్లగా, దక్షిణం, పడమర నల్లగా కనిపించాయి. ఈ తరహా మ్యాపుల్లో మనకు తెలిసిన మొదటిది ఇదే.

తర్వాతి తరాలు రంగుల్ని కొన్ని తరగతులుగా విడగొట్టాయి. అసలు చిక్కు అక్కడే. ఆరు జిల్లాల విలువలు 10, 12, 30, 32, 34, 100 అనుకుందాం. మూడు రంగులు వెయ్యాలి. సమాన అంతరాల పద్ధతిలో మొదటి అయిదూ ఒకే రంగు, మధ్య రంగు ఖాళీ. 10కి, 34కి తేడా మాయం! క్వాంటైల్ పద్ధతిలో రంగుకి రెండేసి జిల్లాలు. దాంతో 34 వెళ్లి 100 పక్కన కూర్చుంటుంది. సహజ విభజనలో 10, 12 ఒకటి, 30, 32, 34 ఒకటి, 100 విడిగా. దీన్ని ప్రాచుర్యంలోకి తెచ్చింది అమెరికన్ కార్టోగ్రాఫర్ జార్జ్ జెంక్స్. అలాగని ఎప్పుడూ ఇదే వాడమని కాదు. హద్దులు డేటాతోపాటే మారతాయి కాబట్టి రెండు వేర్వేరు ఏళ్ల మ్యాపుల్ని పోల్చాలంటే ముందే ఖాయం చేసిన హద్దులు కావాలి.

డ్యూపాన్ 1834లో కొద్ది రోజులు మాత్రమే నౌకాదళ మంత్రిగా ఉన్నారు. 1854 దాకా పాఠాలు చెప్పారు. 1873లో కన్నుమూశారు.

క్యూజీఐఎస్ ఉచితమే. 2011 జనగణన అక్షరాస్యత డేటాతో మీ రాష్ట్రం మ్యాపు మూడు పద్ధతుల్లోనూ వేసి చూడండి. నిధులు ఎక్కడికి వెళ్లాలో అలాంటి మ్యాపు చూసి తేల్చేవాళ్లుంటారు. మీ జిల్లా ఏ రంగులో పడిందో, ఎందుకు పడిందో చెప్పగలిగితే ఆ ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు మీ దగ్గరున్నట్టే.