డాంటే జకోజా

డాంటే జకోజా (జనవరి 3, 1905 - మార్చి 31, 1996) ఇటలీ దేశానికి చెందిన సుప్రసిద్ధ మోటారు వాహన రూపశిల్పి. ఫియట్ సంస్థలో నాలుగు దశాబ్దాలకు పైగా పనిచేసి, సామాన్య కుటుంబాలు కొని పోషించుకోగలిగిన చిన్న కార్లను రూపొందించాడు. భారతదేశంలో పేరొందిన ప్రీమియర్ పద్మినికి మూలమైన ఫియట్ 1100 కూడా ఇతని పర్యవేక్షణలో తయారైనదే.

తొలి జీవితము

జకోజా రోమ్ నగరంలో జన్మించాడు. టురిన్‌లోని సాంకేతిక విద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగు చదివి 1927లో పట్టా పొందాడు. 1928లో ఫియట్‌లో చేరాడు.

టొపోలీనో

ఆ కాలంలో ఇటలీలో కారు సంపన్నుల వాహనం. 5,000 లీరాలకు అమ్మదగిన కారు కావాలని సంస్థ అధినేత జొవాన్ని ఆన్యెల్లి ఆశించాడు. 1936లో వెలువడిన ఫియట్ 500లో జకోజా 569 సి.సి. ఇంజనును ముందు ఇరుసు కంటే ముందుకు జరిపి, రేడియేటరును దాని వెనుక అమర్చాడు. అందువలన పొట్టి కారులో కూడా ఇద్దరు పెద్దవారికి తగిన చోటు దొరికింది. ధర 8,900 లీరాలకు చేరినప్పటికీ ప్రజలు దానిని ఆదరించి, చిట్టెలుక అనే అర్థంలో టొపోలీనో అని పిలుచుకున్నారు.

యుద్ధానంతర కార్లు

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత నలుగురు కూర్చొనే ఫియట్ 600 (1955), కొత్త ఫియట్ 500 (1957) వెలువడ్డాయి. రెండింటిలోను ఇంజను వెనుక భాగంలో ఉంటుంది. కొత్త 500 పొడవు మూడు మీటర్ల లోపే. దాని 479 సి.సి. రెండు సిలిండర్ల ఇంజను గాలితోనే చల్లబడుతుంది కనుక రేడియేటరు, నీటి పంపు అవసరం లేదు. చెడిపోయే భాగాలు తక్కువ కావడంతో చిన్న చిన్న మరమ్మత్తులను యజమానులే చేసుకోగలిగేవారు. తొలుత అమ్మకాలు మందకొడిగా సాగినా, మార్పుల తరువాత పుంజుకొని 1975 వరకు ఉత్పత్తి కొనసాగింది. ఈ రూపకల్పనకు 1959లో కంపాస్సో డోరో పురస్కారం లభించింది. నేటికీ పలు దేశాలలో ఔత్సాహికులు పాత 500 కార్లను సేకరించి, విడదీసి, బాగుచేసి నడుపుతున్నారు.

భారతదేశంలో

బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1950వ దశకంలో ఫియట్ కార్ల తయారీ చేపట్టింది. లాల్ బహదూర్ శాస్త్రి ప్రధానమంత్రిగా ఉండగా బ్యాంకులో 5,000 రూపాయల అప్పు తీసుకొని కొన్నది ఫియట్ కారునే. 1974 నుండి ఫియట్ 1100 ప్రీమియర్ పద్మిని పేరుతో వెలువడింది. ప్లగ్గులు, పాయింట్లు, కార్బ్యురేటరు శుభ్రం చేయడం తెలిసిన మెకానిక్ ఏ ఊరిలోనైనా దానిని నడిపించగలిగేవాడు. ముంబాయి టాక్సీలుగా ఈ కార్ల సేవ 2023 అక్టోబరులో ముగిసింది.

చివరి దశ

1964లో వచ్చిన ఆటోబియాంకి ప్రిములాలో జకోజా ఇంజనును అడ్డంగా, గేరుబాక్సును దాని పక్కన అమర్చి ముందు చక్రాలను నడిపించాడు. ఫియట్ 128 (1969) కూడా ఇదే పద్ధతిలో తయారైంది. నేటి పెట్రోలు, డీజిలు చిన్న కార్లలో అధికభాగం ఈ అమరికనే అనుసరిస్తున్నాయి. జకోజా 1970లో పదవీ విరమణ చేసి, తన వృత్తి జీవితాన్ని గ్రంథస్థం చేశాడు. 1996లో టురిన్‌లో మరణించాడు.