రాణి రుద్రమదేవి

సెలవురోజు బంజారాహిల్స్ నుంచి ట్యాంక్‌బండ్‌కు వెళ్ళినప్పుడల్లా మేము రుద్రమదేవి విగ్రహం దగ్గర ఆగుతాము. ఆమె గురించి చదివి తెలుసుకున్నది మిత్రులందరి కోసం రాస్తున్నాము.

కాకతీయ గణపతిదేవునికి కొడుకులు లేరు. ఒక కూతురు గణపాంబను కోట వంశపు బేతరాజుకిచ్చి పెళ్ళి చేశాడు. మరో కూతురు రుద్రమకు రుద్రదేవ మహారాజు అని మగవాని పేరు పెట్టి రాజ్యం అప్పగించాడు. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. 1262 నుంచి రుద్రమ తానే ఓరుగల్లును ఏలింది. దండెత్తి వచ్చిన దేవగిరి యాదవ మహాదేవుణ్ణి తరిమికొట్టింది. తండ్రి చేపట్టిన రాతికోటను పూర్తి చేయించింది.

ఆమెకూ కూతుళ్ళే. అందుకే కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుని వారసుణ్ణి చేసింది.

తరువాత కాయస్థ అంబదేవుడు తిరగబడ్డాడు. ఆ పోరులోనే ఆమె నేలకొరిగిందని చరిత్రకారులు భావిస్తారు. 1289లో ఆమె, సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయారని చెప్పేది నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం. దానిని వేయించింది ఏ రాజూ కాదు, పువ్వుల ముమ్మడి అనే సేవకుడు.

ఇంత పెద్ద రాణి మరణవార్తను ఒక పల్లెలోని రాయి దాచి ఉంచింది. మన ఊళ్ళలోనూ అలాంటి రాళ్ళు ఉండవచ్చు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు వాటిని వెతుకుదాం, పాడుకాకుండా చూద్దాం.