విశ్రాంతియు విహారమును: థామస్ కుక్ జీవితము

తీరిక యెవరి సొత్తు అను ప్రశ్న మానవసంఘమంత పాతది. ప్రాచీన గ్రీకుదేశమున పౌరుడు విద్యాగోష్ఠులయందు కాలము గడపుటకై బానిస శ్రమించెను. 18వ శతాబ్దమున ఆంగ్లప్రభువుల కుమారులు గురువును వెంటబెట్టుకొని ఫ్రాన్సు, ఇటలీ దేశములయందు నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి విహరించుచుండిరి. మన దేశమున బీదసాదలును తీర్థయాత్రలు చేయుచునే యుండిరి. అయినను దానికి పుణ్యార్జనమని పేరేగాని వినోదమని పేరు లేదు. కష్టజీవికి దొరకిన కొద్దిపాటి తీరిక సారాయంగడి పాలు గావలసినదేనా? ఈ ప్రశ్నకు కార్యరూపమున సమాధానము చెప్పినవారిలో థామస్ కుక్ ముఖ్యుడు.

ఆయన 1808 నవంబరు 22వ తేదీని ఇంగ్లండులోని డార్బీషైరునకు జేరిన మెల్‌బోర్ను గ్రామమున పేదయింట జన్మించెను. శైశవముననే తండ్రి గతించెను. పదియవ యేట బడి మాని తోటపనిలో కుదిరెను. పిమ్మట వడ్రంగము నేర్చెను. 1828లో బాప్టిస్టు మతప్రచారకుడై ఊరూర తిరుగ నారంభించెను. మరుసటి యేడు 2,692 మైళ్లు పయనించెననియు, అందు 2,106 మైళ్లు కాలినడకనే యనియు లెక్క కలదు. దూరమనగా నెట్టిదో ఆయన పాదములకు బాగుగ తెలియును.

ఆ కాలముననే, 1830 మే 18వ తేదీని, మన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరి, బోయీలతోను పరివారముతోను దేశమంతయు చుట్టి 1831 సెప్టెంబరు 3వ తేదీని మరల ఇల్లు చేరిరి. సుప్రీముకోర్టు ఉద్యోగికే పదునైదు నెలలు పట్టిన యాత్ర సామాన్యుని కెట్లు సాధ్యమగును? అదే 1830 సెప్టెంబరులో లివర్‌పూలు, మాంచెస్టరు నగరముల నడుమ రైలుమార్గము తెరువబడెను. దూరమును జయించు సాధనము పుట్టినది. దానిని బీదవాని చేతి కందిచ్చువాడు కావలసియుండెను.

కుక్ 1833లో మద్యము ముట్టనని ప్రతిజ్ఞ పట్టెను. అనాడు ఇంగ్లండున యంత్రశాలలలో కూలివాండ్రు వారమంతయు శ్రమించి, సెలవునాడు త్రాగుడులో కూలిడబ్బును పోగొట్టుకొనుచుండిరి. త్రాగవద్దని బోధించినంతమాత్రమున చాలదనియు, ఆ యలవాటు స్థానమున మరియొక యానందమును నిలుపవలెననియు ఆయన గ్రహించెను. 1841 జూన్ 9వ తేదీని మద్యనిషేధసభకై మార్కెట్ హార్బరోనుండి లీస్టరునకు సుమారు పదునైదు మైళ్లు నడచిపోవుచుండగా, రైలును ఈ యుద్యమమునకు ఏల వినియోగింపరాదను తలంపు పొడమెను. వెంటనే రైలుకంపెనీవారితో మాటలాడి ప్రత్యేకపు బండి నేర్పరచుకొనెను. జూలై 5వ తేదీని మనిషికి ఒక షిల్లింగు చొప్పున, పైకప్పులేని పెట్టెలలో, సుమారు 500 మంది వాద్యములతో లీస్టరునుండి లఫ్‌బరోకు పోయి, ఆటపాటలయందును ఉపన్యాసములయందును దినము గడపి తిరిగివచ్చిరి. రైలు విహారములు అంతకు మునుపును కలవు. కాని కుక్ వానినుండి ఒక క్రమమైన విధానమును నిర్మించెను.

ఆ విధానము సులభమైనది. అనేకులకు కావలసిన టిక్కెట్లు ఒక్కసారిగ కొన్నచో కంపెనీవారు ధర తగ్గింతురు. ఆ తగ్గింపులో కొంత యాత్రికునికి, కొంత ఏర్పాటు చేసినవానికి దక్కును. 1845లో లివర్‌పూలు యాత్రకు ఆయనయే దారిపుస్తకము వ్రాసి యచ్చువేయించెను. 1846లో స్కాట్లండు యాత్ర సాగెను. 1851లో లండనునందు జరిగిన మహాప్రదర్శనమునకు, కూలివాండ్రచే వారమువారము కొంచెము కొంచెముగ సొమ్ము కూడబెట్టించి, లక్షన్నర ప్రాంతము జనమును చేర్చెను. పిదప యూరపుఖండమునకును, 1869లో ఈజిప్టు, పాలస్తీనా దేశములకును యాత్రికులను గొనిపోయెను. 1872లో బయలుదేరి 222 దినములలో భూమిని చుట్టివచ్చిన యాత్రలో మన దేశమును సయితము చూచెను.

ఈ విజయము గొప్పవారికి రుచింపలేదు. గుమాస్తాలు, బడిపంతులమ్మలు, దుకాణదారులు తమతో సమముగ ఇటలీ వీథులలో తిరుగుట వారికి అవమానముగ తోచెను. 1865లో నవలాకారుడు చార్లెస్ లీవర్ కుక్ యాత్రికులను పశువులమందతో పోల్చి పరిహసించెను. కుక్ దానికి దీటుగ సమాధానమిచ్చెను. ప్రపంచసౌందర్యము కొందరి జమీను కాదనుటయే ఆయన వాదముయొక్క సారము.

అయితే వ్యాపారము పెరిగినకొలది ఆశయము క్షీణించెను. కుమారుడు జాన్ మేసన్ కుక్ కార్యదక్షుడు, లాభనష్టములయందు కఠినుడు. మతప్రచారమును దానధర్మములను వ్యాపారముతో కలుపుటను ఆయన సహింపలేదు. 1878 ప్రాంతమున తండ్రి బలవంతముగ విరమింపవలసివచ్చెను. పిమ్మట 1884లో జనరల్ గోర్డన్ సహాయార్థము బయలుదేరిన ఆంగ్లసేనను నైలునదిమీద చేరవేసినది ఆ కంపెనీయే. కూలివానికి విహారము చూపిన సంస్థ సామ్రాజ్యమునకు బండి తోలెను! 1880లో కూతురును, 1884లో భార్యయు గతింపగా, చూపును కోల్పోయి, థామస్ కుక్ 1892 జూలై 18వ తేదీని లీస్టరున మరణించెను. 2019 సెప్టెంబరు 23వ తేదీని ఋణభారమున ఆ పేరి ఆంగ్లకంపెనీ కూలినప్పుడు, పరదేశములలో చిక్కువడిన లక్షన్నరకు పైబడిన ఆంగ్లయాత్రికులను ప్రభుత్వమే ఇల్లు చేర్చవలసివచ్చెను.

సంస్థ నశించినను ఆయన లేవదీసిన ప్రశ్న నశింపలేదు. యజమాని ఉదకమండలమునకు పోయిన ఆరోగ్యార్థమందుము. పాలేరు నాలుగునాళ్లు తిరునాళ్లకు పోయెదనన్న సోమరియందుము. సెలవు నడిగినంతనే కూలి తగ్గించి, వాడు త్రాగుబోతయ్యెనని నిందించుట న్యాయమా? శ్రమించు చేతికి విశ్రాంతియు, ఆ విశ్రాంతికి తగిన యానందమును కల్పించుట దయాధర్మము కాదు, బాకీ తీర్చుట. పదియవ యేటనే తోటపనిలో కుదిరిన ఆ బాలుడు దీనిని గుర్తించెను. భూవసతి గలవారును, నగరవాసులును దీనిని గుర్తింతురుగాక.